నాడి పట్టిన గాలి

గెద్దలపాడు లాబ్‌లో గాలి సొరంగానికి దిష్టి తీయకుండా ఎవరూ చక్రం మీద చెయ్యి వేసేవారు కాదు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. దేశంలోకెల్లా వేగంగా గాలిని పరుగెత్తించే చోట, మెడలో గుర్తింపు కార్డులు వేలాడేసుకున్న ఇంజనీర్ల మధ్య, క్యాంటీన్‌లో ఇడ్లీలు వేసే పోలమ్మ గుప్పిట్లో రాళ్ళుప్పు పట్టుకుని "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వచ్చినోళ్ళ దిష్టి, పోయినోళ్ళ దిష్టి" అంటూ ఆ ఉక్కు గొట్టం చుట్టూ తిరిగేది. అందరూ బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడేవారు. ఉప్పుకి అక్కడ కరువా? ప్రహరీ దాటితే సముద్రం దాకా ఉప్పుమడులే.

దిష్టి తీసిన ఉప్పు నిప్పులో పడి చిటపటలాడాలి. లేకపోతే తీసినట్టే కాదు. లాబ్‌లోనేమో నిప్పు నిషేధం, అగ్గిపుల్ల గీస్తే ఉద్యోగం ఊడుతుంది. మరి ఆ ఉప్పుని ఏం చేస్తారని గౌరీశ్వరి ఏనాడూ అడగలేదు. బయటెక్కడో పారబోస్తారనుకుంది. ఆమె సొరంగానికి లెక్కలు కట్టే శాస్త్రవేత్త. పరీక్ష జరిగేటప్పుడు దూరంగా, మందపాటి అద్దం వెనక లెక్కల గదిలో కూర్చునేది. సొరంగం పక్కనే నిలబడి గాలి తలుపు చక్రం తిప్పేది మాత్రం ధర్మారావు. ఆమె మేనత్త కొడుకు, మొగుడు. ఇంట్లో బావా అనీ, లాబ్‌లో ధర్మారావు గారనీ పిలిచేది. ఎక్కడున్నా ఇద్దరి తగువూ గాలి గురించే.

గాలితో తగువేమిటంటారా? మామూలు గాలిని అయస్కాంతం పట్టుకోలేదు. అదే గాలిని కొలిమిలో తెల్లగా కాచి, చిటికెడు పొటాషియం పొడి కలిపితే, రాగితీగలాగా కరెంటు మోస్తుంది. అప్పుడు దానికి అటో అయస్కాంతం ఇటో అయస్కాంతం పెట్టి మధ్యలో కరెంటు పంపితే, ధ్వని కంటే ఎన్నోరెట్లు వేగంగా ముందుకు దూకుతుంది. అంతరిక్షం నుంచి తిరిగొచ్చే వాహనాలు ఎంత వేడికి ఓర్చుకుంటాయో చూడ్డానికి ఆ గాలి కావాలి. దీనికి డైరెక్టర్ పురుషోత్తమ పట్నాయక్ గారు ఓ కొత్త మెలిక పెట్టాడు. పరుగెత్తే గాలి తానే పుట్టించే కరెంటుని మళ్ళీ అయస్కాంతాలకే తిప్పాడు. గాలి ఎంత పరుగెత్తితే అయస్కాంతం అంత బలపడుతుంది, అయస్కాంతం ఎంత బలపడితే గాలి అంత పరుగెత్తుతుంది. కొలిమి కట్టేస్తే మూడు క్షణాల్లో అంతా చల్లారిపోవాలి. చల్లారేది కూడా.

ఒక్కటే చిక్కు. ప్రతిసారీ గాలి గౌరీశ్వరి లెక్క కంటే కొంచెం ఎక్కువే పరుగెత్తేది. అది తన అయస్కాంతాల గొప్పని పట్నాయక్ గారు మురిసిపోయేవాడు. తన లెక్కలోనే ఏదో తప్పుందని గౌరీశ్వరి నిద్ర పాడుచేసుకునేది. "గాలికి లెక్కలు రావే గుంటా, నువ్వు రాసింది అది సదవదు" అని ధర్మారావు ఏడిపించేవాడు.

ఆ నెలలో ఢిల్లీ నుంచి పెద్దలొచ్చారు. సూట్లు, నల్ల కళ్ళద్దాలు, పది కార్లు. సొరంగం చుట్టూ తిరిగి, తట్టి చూసి, "వండర్‌ఫుల్, వండర్‌ఫుల్" అంటూ నోళ్ళు వెళ్ళబెట్టి వెళ్ళిపోయారు. మర్నాడు పెద్ద పరీక్ష పెట్టారు.

కొలిమి వెలిగింది. ధర్మారావు చక్రం తిప్పాడు. ఎప్పుడూ వచ్చే బుస బదులు ఈసారి దడ్, దడ్, దడ్ అని వచ్చింది, గోడ అవతల ఎవరో రోకలి వేస్తున్నట్టు. అద్దం వెనక గౌరీశ్వరి ముందున్న ముల్లు చివరి గీత దాటి, అక్కడే ఆనుకుపోయింది. కొలిమి కట్టేశారు. గాలి ఆగలేదు. కరెంటు మొత్తం తీసేశారు. లాబ్‌లో దీపాలన్నీ ఆరిపోయాయి, గాలి ఆగలేదు.

"చక్రం మూసెయ్యమంటారా?" ధర్మారావు గొంతు బ్యాటరీ మైకులో వినిపించింది.

"ముట్టుకోవద్దు!" పట్నాయక్ గారు అరిచాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "ధర్మారావ్, దణ్ణం పెడతాను, ముట్టుకోవద్దు. అది దానంతట అదే నడుస్తోందయ్యా!"

కిటికీలోంచి చూస్తే, సొరంగం నోట్లోంచి బయల్దేరిన మండే గాలి మడుల మీదుగా సముద్రం వైపు పసుపుపచ్చని చారలా సాగి, దూరాన ఆకాశంలోకి లేచింది. పైన, ఎక్కడో ఎత్తున, కరెంటు నిండిన పలచని గాలి పొర ఒకటి ఉంటుంది. ఈ చార అక్కడి దాకా అందుకుని, ఆ కరెంటుని కిందికి లాక్కుంటోందని గౌరీశ్వరి సాయంత్రానికి తేల్చింది. బావిలోకి చేద వేసినట్టే. బావి అడుగెక్కడో ఎవరికీ తెలియదు. పొటాషియం మంట ఊదారంగులో ఉండాలి కదా, ఇది పసుపుగా ఎందుకుందన్నది మాత్రం ఆమెకి అంతుపట్టలేదు.

మూడు రోజులు అలాగే నడిచింది. పట్నాయక్ గారు లాబ్‌లోనే చాప వేసుకుని పడుకున్నాడు. క్వార్టర్స్‌లో పిల్లలు ఆ దడదడకి అలవాటుపడిపోయారు. ఉప్పుమడుల్లో ఆడవాళ్ళు తలకి గుడ్డలు చుట్టుకుని, నెత్తిమీద పసుపు వెలుగు పడుతుండగానే ఉప్పు పోగు చేస్తున్నారు. కొంగలు మాత్రం ఆ పక్కకి రావడం మానేశాయి.

మూడో రోజు రాత్రి ధర్మారావు అన్నం తింటూ ఎడం చేత్తో కంచం అంచు మీద తాళం వేస్తున్నాడు. గౌరీశ్వరి కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

"ఏటి బావా ఆ దరువు? చేపల పులుసు బాగులేదా?"

"పులుసుకేం, దివ్యంగా ఉంది. దరువేటి?" అతను తన చేతినే వింతగా చూసుకున్నాడు. "నాకు తెలీదే. దానంతటదే కొట్టీస్తంది."

ఆదివారం ఇద్దరూ బండి మీద టెక్కలి బయల్దేరారు. మిక్సీ చెడిపోయి వారమైంది, గౌరీశ్వరి దాన్ని సంచిలో పెట్టుకుని వెనక కూర్చుంది. మడులు దాటారు, తాటితోపు దాటారు. సొరంగం చప్పుడు సన్నగిల్లి, ఇక వినపడకుండా పోయింది. అమ్మయ్య, చెవులకి తెరిపి వచ్చిందనుకుందామె. రైలు గేటు కనిపిస్తుండగా బండి ఓ పక్కకి ఒరిగింది.

"బావా! రోడ్డు చూడు!"

అతని చేతులు హ్యాండిల్ మీంచి జారిపోయాయి. బండి గట్టు కిందికి జారి ముళ్ళకంపలో ఆగింది. మిక్సీ ఎగిరి ఎక్కడో పడింది. గౌరీశ్వరి మోచేతులు గీరుకుపోయాయి, అదేమీ చూసుకోలేదామె. ధర్మారావు వెల్లకిలా పడి ఉన్నాడు. దెబ్బ ఎక్కడా లేదు. ముఖం మాత్రం బూడిదరంగుకి తిరిగింది. మణికట్టు పట్టుకుంటే నాడి ఓసారి కొట్టుకుని, ఏదో వెతుక్కుంటున్నట్టు ఆగి, మళ్ళీ ఓసారి కొట్టుకుంటోంది.

దారినపోయే ఆటో ఆపి, ఎక్కించి, "టెక్కలి ఆసుపత్రికి, తొందరగా బాబూ" అంది. ఆటో గేటు దాటింది. నాడి దెబ్బల మధ్య ఎడం ఇంకా పెరిగింది. ధర్మారావు ఆమె చీరకొంగు గుప్పిట పట్టుకుని, "ఎనక్కి" అన్నాడు.

"ఆసుపత్రి వచ్చేస్తోంది బావా, ఓర్చుకో."

"ఎనక్కి తిప్పమను గౌరీ. నాకు అది ఇనపడ్డం లేదు."

ఎందుకు నమ్మిందో ఆమెకే తెలియదు. ఆటో వెనక్కి తిప్పించింది. ఆటోవాడు పిచ్చివాళ్ళని చూసినట్టు చూశాడు. తాటితోపు దగ్గరికి వచ్చేసరికి ధర్మారావు పెదాలకి రంగు వచ్చింది. మడుల దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చున్నాడు. దూరం నుంచి దడ్, దడ్ అని సొరంగం చప్పుడు వినిపించింది. గౌరీశ్వరి వేళ్ళ కింద అతని నాడి కూడా అప్పుడే, సరిగ్గా అప్పుడే, దడ్ దడ్ మంటోంది. ఒక్క దెబ్బ ముందు లేదు, ఒక్క దెబ్బ వెనక లేదు.

ఇంటికొచ్చాక తలుపు వేసి నిలదీసింది. "నిజం చెప్పు బావా. ఆ రోజు పరీక్షలో నాకు తెలియంది ఏం జరిగింది? పొటాషియం ఎక్కువ వేశారా?"

"పొడి నువ్వు చెప్పిన కొలతే వేసాం." అతను తల వంచుకున్నాడు. "ఉప్పు..."

"ఏ ఉప్పు?"

"దిష్టుప్పు. నిప్పులో వెయ్యాలి కదేటి? కొలిమి కంటే పెద్ద నిప్పు ఇంకెక్కడుంది? ఎప్పుడూ పొడి వేసే తొట్టిలోనే వేసీవోళ్ళం, గుప్పెడు."

"ఎప్పుడూనా?"

"మొదటి నుంచీ. మా గ్యాంగు అందరికీ తెలుసు. మీ సైంటిస్టులకి చెప్తే తిడతారని చెప్పలేదు." గోడకేసి చూస్తూ అన్నాడు. "ఆ రోజు మాత్రం గుప్పెడు కాదు. ఢిల్లీ వోళ్ళ దిష్టంటే మాటలేటి? అన్ని కళ్ళు పడ్డాయి. పోలమ్మ పిన్ని కుంచెడు తెచ్చింది. మొత్తం వేసీసాం."

గౌరీశ్వరి చివ్వున లేచింది. తిట్టాలనుకుంది. ఇన్నేళ్ళూ తన లెక్క తప్పని ఏడ్చిందే, ఆ ఏడుపుకి తగ్గట్టు తిట్టాలనుకుంది. తిట్లకి బదులు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. ఉప్పులో సోడియం ఉంది. అందుకే ఆ పసుపు రంగు. కుంచెడు సోడియం పడ్డాక గాలి విపరీతంగా కరెంటు మోసింది, అయస్కాంతాలు పట్టపగ్గాల్లేకుండా బలపడ్డాయి, ఆకాశం అందింది. ఇప్పుడు మడుల మీది ఉప్పుగాలినే తింటూ తనంతట తాను బతుకుతోంది. మనిషి రక్తం మాత్రం? అదీ ఉప్పునీరే. అంత బలమైన అయస్కాంతం దడదడమని కొట్టుకుంటుంటే, పక్కనే నిలబడ్డవాడి ఒంట్లో ఉప్పునీరు ఆ దరువుకే నడిచింది. గుండె దాని వెనకే నడిచింది. ఇప్పుడు దరువు ఆగితే గుండెకి దారి తెలియదు.

"అయితే చక్రం మూసేస్తే నేను పోతానన్నమాట" అన్నాడు ధర్మారావు.

"నోర్ముయ్" అందామె.

పట్నాయక్ గారికి అంతా చెప్పింది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి చారని చూశాడు. "మొన్నటికీ ఇవాళ్టికీ ఆ చార రెట్టింపు పొడవైంది గౌరీశ్వరి గారూ. వేగం కూడా వెంట్రుకవాసి పెరుగుతూనే ఉంది. ఇవాళే ఆపెయ్యాలని నేనే అనుకుంటున్నాను" అన్నాడు. "ధర్మారావు ఒక్కడికేనా ఇలా?"

"పక్కన నిలబడేది ఆయనొక్కడే సార్. ఒక్కరోజు ఇవ్వండి. ఏదో దారి లెక్క కడతాను."

"ఒక్కరోజులో ఇది ఎంతకి పెరుగుతుందో తెలుసా మీకు?"

తెలుసు. కాగితం మీద వేసే చూసింది. "ఏమంత పెరగదు సార్" అంది, ఆయన కళ్ళలోకి చూడకుండా. తన మొగుణ్ణి చంపే మాట తన నోటితో ఎలా చెబుతుంది? పట్నాయక్ గారు తలూపాడు.

మర్నాడు పొద్దున్న పోలమ్మని ఇద్దరు మోసుకొచ్చారు. కూతుర్ని చూడ్డానికి వెళ్దామని రోడ్డు మీద బస్సెక్కింది, తాటితోపు దాటగానే సీట్లోంచి జారి పడిపోయింది. కండక్టరు దింపేస్తే, వెనక్కి తెస్తుంటేనే తేరుకుంది.

"ఓలమ్మ, గుండెలోంచి ఎవులో తాడు లాగీసినట్టున్నాది తల్లీ" అంది పోలమ్మ. "ముసిల్దాన్ని, ఎండ తగిలినాది గావాల."

గౌరీశ్వరి ఆమె నాడి పట్టుకుంది. దడ్, దడ్. తర్వాత మోసుకొచ్చిన ఇద్దరివీ చూసింది. అదే. గబగబా మడుల్లోకి పరుగెత్తింది. గట్టు మీద నీళ్ళు తాగుతున్న ఆడవాళ్ళ చేతులు ఒక్కొక్కటే లాక్కుని చూసింది. "ఏటమ్మగారూ, జోస్యం సెప్తావేటి?" అని ఒకావిడ పకపకా నవ్వింది. గౌరీశ్వరి నవ్వలేదు. గట్టు మీద ఉయ్యాల్లో పడుకున్న పసిబిడ్డ ఛాతీ మీద చెయ్యి వేసింది. పసిపిల్లల గుండె పెద్దవాళ్ళ కంటే వేగంగా కొట్టుకోవాలి. ఆ బిడ్డ గుండె నింపాదిగా, పెద్ద మనిషి గుండెలాగా, సొరంగంతో కలిసి కొట్టుకుంటోంది.

చివరికి తన మణికట్టు తనే పట్టుకుంది. చూడక్కర్లేదు, అప్పటికే తెలుస్తూనే ఉంది.

నిన్న ఆపి ఉంటే ఒక్కడు పోయేవాడు. ఇవాళ ఆపితే ఊరంతా పోతుంది. ఆ ఒక్కరోజు తానే అడిగి తీసుకుంది. ఆ ఎండలో, గట్టు మీద నిలబడి, గౌరీశ్వరి జీవితంలో మొదటిసారి తనని తాను అసహ్యించుకుంది.

పట్నాయక్ గారి ముందు ఏ దాపరికమూ పెట్టుకోలేదు. లెక్క తెలిసే అబద్ధం చెప్పానంది. ఆయన కోప్పడలేదు. తన మణికట్టు ఆమె ముందు చాచాడు, అక్కడా అదే దరువు. "మొదటి రోజు ముట్టుకోవద్దన్నది నేను కదమ్మా" అన్నాడు.

ఆపడానికి లేదు. వదిలెయ్యడానికీ లేదు. వేగం పెరుగుతూనే ఉంది, దాంతోపాటు ఊళ్ళో గుండెలన్నిటి వేగమూ పెరుగుతోంది. ముసలివాళ్ళకి అప్పుడే ఆయాసం మొదలైంది. ఇలాగే ఇంకో రెండు రోజులు పోతే తట్టుకునే గుండె ఉండదు.

దారి చెప్పింది ధర్మారావే. అతను సొరంగం దగ్గర్నుంచి కదలకుండా అన్నీ వింటున్నాడు.

"దిగుడులో బండెద్దుల్ని ఒక్కసారి పట్టి ఆపితే బండి తిరగబడుద్ది సార్. పగ్గం బిగిస్తూ, వదులుతూ, మెల్లగా దింపుకోవాల. చక్రం ఒక్కసారి మూసీకుండా, వెంట్రుకంత వెంట్రుకంత మూస్తే?"

గౌరీశ్వరి లెక్క వేసింది. అతను చెప్పింది నిజమే. గాలి తగ్గేకొద్దీ దరువు నెమ్మదిస్తుంది. ఏ గుండైనా దాని సొంత నడక కంటే మరీ నెమ్మదిగా నడవమంటే మొరాయిస్తుంది. మొరాయించిన చోట దరువుని వదిలించుకుని తన దారిన తాను పోతుంది. దూరంగా ఉన్నవాళ్ళు వదులుగా కట్టుబడ్డారు, వాళ్ళు ముందు బయటపడతారు. దగ్గరివాళ్ళు తర్వాత. అందరికంటే దగ్గరివాడి సంగతి ఆమె లెక్కలో తేలలేదు. తేలలేదని పైకి అనలేదు.

మడుల్లో పనులు ఆపించారు. అందరినీ ఉన్నచోటే నీడలో కూర్చోబెట్టి, నాడి ఎలా చూసుకోవాలో నేర్పారు. దరువు వదిలినప్పుడు ఫోన్ చెయ్యమన్నారు. గౌరీశ్వరి చక్రం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. "నువ్వు అద్దం ఎనక్కి పో" అన్నాడు ధర్మారావు. పోనంది. పొద్దెక్కుతుండగా అతను రెండు చేతులూ చక్రం మీద వేసి, పాలు పొంగకుండా చూసే మనిషిలా, కళ్ళు సగం మూసుకుని తిప్పడం మొదలుపెట్టాడు. కొంచెం ఎక్కువైతే గాలి గింజుకునేది. అప్పుడు కాస్త వదిలి, బుజ్జగించి, మళ్ళీ బిగించేవాడు. అతనికి గడియారం అక్కర్లేకపోయింది, వేగం తన గుండెలోనే తెలుస్తోంది.

మొదటి ఫోన్ అవతలి మడుల నుంచి వచ్చింది. "అమ్మగారూ, ఎక్కిలొచ్చినట్టు గుండె ఒక్కపాలి ఎగిరినాది. ఇప్పుడు మామూలుగున్నాది!" తర్వాత ఉయ్యాల్లో బిడ్డ. వాళ్ళమ్మ ఫోన్‌లో ఏడుస్తూ నవ్వింది. తర్వాత రోడ్డు పక్క ఇళ్ళు, క్వార్టర్స్, గేటు దగ్గర వాచ్‌మన్‌లు, పట్నాయక్ గారు. మధ్యాహ్నానికి ఊరంతా ఎవరి గుండె వాళ్ళకి వచ్చేసింది. క్యాంటీన్‌లో పోలమ్మది కూడా వదిలిందన్నారు. గౌరీశ్వరి ఛాతీలో కూడా ఓ ఎక్కిలి వచ్చింది, ఊపిరి ఆడలేదు, మళ్ళీ ఆడింది.

"నీది వదిలిందా?" అన్నాడు ధర్మారావు.

"వదిలింది."

"హమ్మయ్య." అతను తొలిసారి నవ్వాడు. ఆ నవ్వులో పెదాలు నీలంగా ఉన్నాయి.

అతని నాడి పట్టుకుని చూసింది. దడ్. చాలాసేపటికి మళ్ళీ దడ్. సొరంగం ఎంత నెమ్మదిస్తే అంత నెమ్మదించింది. మొరాయించడం తెలియని గుండె అది. ఎన్నేళ్ళుగానో ఆ చక్రం పక్కనే నిలబడి, గుప్పెడు గుప్పెడుగా పడ్డ ఉప్పుతో పాటు, ఎప్పుడో దాని సొంతమైపోయింది.

"ఇంక తగ్గించకు బావా. ఇక్కడే ఉంచు."

"ఉంచితే ఊరుకుంటదేటి? చూడు, ఎలా తన్నుకొస్తందో. చెయ్యి కొంచెం వదిలితే మళ్ళీ లేస్తది, మళ్ళీ ఊరిని పట్టుకుంటది. ఎన్నాళ్ళు పట్టుకు కూకుంటాను? నిద్రరాదా నాకు?"

"నేను కూర్చుంటాను. నువ్వు పడుకున్నప్పుడు నేను పట్టుకుంటాను. నేను పడుకున్నప్పుడు నువ్వు."

"నిన్నూ పట్టుకుంటది."

"పట్టుకోనీ! అప్పుడు ఇద్దరివీ ఒకటే అవుతాయి. ఏం, నీకు ఇష్టం లేదా?" ఆమె అతని భుజం పట్టుకుంది. "నా వల్లే కదా ఇంతదాకా వచ్చింది. నిన్న నిన్ను దాచుకుందామని ఊరిని తగలేశాను. ఇవాళ ఊరు గట్టెక్కింది, ఇంక నువ్వు నాక్కావాలి."

ధర్మారావు చాలాసేపు ఆమెనే చూశాడు. చూడ్డానికి కూడా అతనికి కష్టంగా ఉంది, రెప్పలు వాలిపోతున్నాయి. "సరేలే" అన్నాడు. "పిచ్చిగుంట. వంతులేసుకుందాం."

ఆమె ముఖం కడిగినట్టు తెరిపిన పడింది. అప్పుడే కాస్త టీ కావాలన్నాడు. ఆమె ఫ్లాస్కు వంచి, మూతలో పోసి తాగిస్తుంటే గోడకున్న ఫోన్ మోగింది. చక్రం మీంచి ఒక చెయ్యి తీసి అతనే అందుకున్నాడు. "ఆ... ఆ... అలాగా... వస్తంది" అని పెట్టేశాడు.

"పోలమ్మ పిన్ని మళ్ళీ పడిపోయిందట. క్యాంటీన్‌లో. ఆమెది వదిలిందనుకున్నాం కానీ వదల్లేదేమో. ఓసారి నాడి చూసిరా."

"నేనెళ్తే నువ్వు..."

"ముసిల్ది. మన కోసం ఆ కుంచెడూ తెచ్చింది. పాపం కాదేటి?"

గౌరీశ్వరి లేచింది. రెండడుగులు వేసి ఆగింది. "నేనొచ్చేదాకా ఇంకేమీ తిప్పనని నా నెత్తి మీద చెయ్యేసి చెప్పు."

"చెయ్యి తీస్తే లేస్తది గౌరీ" అన్నాడతను, రెండు చేతులూ చక్రం మీదే ఉంచి. "బేగి పోయిరా."

ఆమె పరుగెత్తింది. చెప్పులు కూడా వేసుకోలేదు. కాలుతున్న సిమెంటు దారి మీద, వెనక నుంచి నెమ్మదిగా వచ్చే దడ్, దడ్ వింటూ పరుగెత్తింది. క్యాంటీన్ తలుపు తోసేసరికి పోలమ్మ పెద్ద గిన్నెలో బియ్యం కడుగుతోంది. ఊరందరికీ వండమన్నారట, కొంగు బొడ్లో దోపుకుని మహా హడావుడిలో ఉంది.

గౌరీశ్వరి వెళ్ళి ఆమె తడిచెయ్యి పట్టుకుంది. ముసలి నాడి గబగబా, ఎగుడుదిగుడుగా, తన ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంటోంది.

"ఎప్పుడు పడిపోయావు పిన్నీ?"

"నానేటి, పడిపోడమేటి? పొద్దున్నించీ వంటలోనే ఉన్నాను" అంది పోలమ్మ ఆశ్చర్యంగా. "నానే కదేటి ఇప్పుడు ఫోన్ సేసినాను, మీ ఆయనకి? అన్నం ఇద్దరికీ అక్కడికే అంపించమంటావా బావూ అని అడగడానికి."

బయట చప్పుడు ఆగిపోయింది.

అన్ని రోజుల తర్వాత అంత నిశ్శబ్దం వస్తే చెవులు గింగురుమన్నాయి. కిటికీ అవతల మడుల మీది పసుపు చార కొస నుంచి మొదలు దాకా ఆరిపోయింది. ఆ వెంటనే గట్ల మీంచి, క్వార్టర్స్‌లోంచి, గేటు దగ్గర్నుంచి ఒక్కసారిగా కేకలు లేచాయి. పిల్లలు పళ్ళేలు వాయిస్తూ పరుగెత్తుతున్నారు. "ఆగిపోనాదిరోయ్! ఆగిపోనాది!" ఎవరో సైకిల్ బెల్లు ఆపకుండా కొడుతున్నారు.

పోలమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుని గౌరీశ్వరి గడ్డం పట్టుకుంది. "నీ మొగుడు బంగారం తల్లీ. ఊరంతటినీ గట్టెక్కించినాడు. దా, ముందు ఆడికి ఇంత అన్నం అట్టుకెల్దాం. పొద్దున్నించి ఏటీ తిన్నేదు."

గౌరీశ్వరి కదల్లేదు. వేళ్ళ కింద ముసలమ్మ నాడి కొట్టుకుంటూనే ఉంది. పోలమ్మ రెండుసార్లు లాక్కున్నా ఆమె ఆ చెయ్యి వదల్లేదు.